సెంటోస్ 7 నుంచి డెబియన్‌కి: ఇంటి సర్వర్ మార్చి చాలాకాలం వాడాక

సెంటోస్, డెబియన్ రెండూ లినక్స్ డిస్ట్రోలే, అంటే లినక్స్‌లో రకాలు. వీటిలో సెంటోస్ 7కి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంటిల్లిపాది ఫోటోలూ బ్యాకప్‌లూ ఉన్న సర్వర్‌ని సెక్యూరిటీ ప్యాచ్‌లు లేకుండా నడపడానికి మనసొప్పలేదు. డెబియన్ 12 వేశాను. డేటా ఒక్క ఫైలు కూడా పోలేదు, మళ్ళీ ఇంకో డిస్ట్రోకి మారాలనీ అనిపించలేదు.

డేటా పోతుందేమోనన్న టెన్షన్‌తోనే చాలామంది ఆగిపోతారు. కానీ కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే రెయిడ్‌ని లినక్స్‌లోని ఎండీఆడ్మ్ టూల్‌తో చేసి ఉంటే, ఆ వివరాలు డిస్కుల మీదే రాసి ఉంటాయి, వాటికి డిస్ట్రోతో పని లేదు. సిస్టమ్ ఒక ఎస్ఎస్‌డీలో, డేటా వేరే డిస్కుల్లో ఉంటే సగం పని అయిపోయినట్టే. ఇన్‌స్టాల్ చేసేంతసేపూ డేటా డిస్కుల సాటా కేబుళ్ళు తీసేసి ఉంచాను. ఇన్‌స్టాలర్‌కి కనబడని డిస్కు పొరపాటున కూడా ఫార్మాట్ కాదు. అయినా ముందే ఇంకో డిస్కులోకి పూర్తి కాపీ తీసి, కొన్ని ఫైళ్ళు తెరిచి చూసుకోవాల్సిందే. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకూడదు.

కేబుళ్ళు పెట్టి ఆన్ చేశాక రెయిడ్ ఎండీ0 బదులు ఎండీ127 అనే పేరుతో వచ్చింది. బూట్‌లో ఏ డిస్కు ఏ ఫోల్డర్‌కి తగలాలో (మౌంట్ కావాలో) చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో పేరు బదులు యూయూఐడీ, అంటే మారని గుర్తింపు నంబర్ రాసుకున్నాను కాబట్టి మౌంట్‌కి ఇబ్బంది రాలేదు. పక్కనే 'నోఫెయిల్' కూడా పెట్టండి, ఏదైనా డిస్కు రాకపోయినా బూట్ ఆగిపోదు.

అసలు పని పర్మిషన్ల దగ్గర పడింది. వెబ్ ఫోల్డర్‌లో ఫైళ్ళ లిస్టు చూస్తే ఓనర్ పేరు ఉండాల్సిన చోట 48 అని ఉంది. సెంటోస్‌లో అపాచీ అనే వెబ్ సర్వర్ యూజర్ నంబర్ అది. డెబియన్‌లో వెబ్ సర్వర్ యూజర్ నంబర్ 33. డిస్కులో ఉండేది నంబరే, పేరు కాదు. ఓనర్ మార్చగానే సైట్ తెరుచుకుంది. నా సొంత లాగిన్ రెండింట్లోనూ 1000 కావడంతో ఫోటోల జోలికి వెళ్ళే పనే పడలేదు.

సిస్టమ్ డిస్కులో ఉండిపోయే వాటిని మాత్రం మరిచిపోవద్దు: సాంబా (ఫైల్ షేరింగ్) పాస్‌వర్డ్‌లు, క్రాన్ జాబ్‌లు (టైముకి వాటంతటవే నడిచే పనులు), డాకర్ వాల్యూమ్‌లు (డాకర్ కంటైనర్లలో నడిచే యాప్‌ల డేటా). డేటాబేస్ ఫోల్డర్ కాపీ చేసుకుంటే సరిపోదు. సెంటోస్ 7తో వచ్చే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 9.2 ఫైళ్ళను డెబియన్ 12లోని పోస్ట్‌గ్రెస్ 15 తెరవలేదు. పాత సిస్టమ్ బతికుండగానే డంప్ (డేటాబేస్‌లోని డేటాని ఎగుమతి చేసిన ఫైలు) తీసుకోవాలి.

వాడకంలో బాగా నచ్చింది అప్‌గ్రేడ్. 12 నుంచి 13కి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకుండానే వెళ్ళాను. అయితే 13లో తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డర్ ర్యామ్‌లోకి మారింది. వీడియో కన్వర్షన్ లాంటి పనులుంటే వాటికి వేరే ఫోల్డర్ చూపించాలి. నచ్చనిది, ఫైర్‌వాల్ దానంతటది ఆన్ అయి ఉండదు. అది మొదటి రోజే పెట్టుకోవాలి.

సిస్టమూ డేటా ఒకే డిస్కులో ఉన్నవాళ్ళు మాత్రం ఈ పద్ధతికి దిగొద్దు. ముందు సిస్టమ్ కోసం చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి పెట్టుకోండి, తర్వాత ఏ డిస్ట్రో అన్నది ఆలోచించుకోవచ్చు.