సీఎన్‌జీ కిట్టా, కుడికాలి కంట్రోలా? పెట్రోల్ ఖర్చు తగ్గాలంటే ఏది మేలు

2024 మార్చి తగ్గింపు తర్వాత హైదరాబాద్‌లో లీటర్ పెట్రోల్ 107 దగ్గర సెటిలైంది, విజయవాడ వైపు అయితే ఇంకో రెండు రూపాయలు పైనే, సో కారున్న ప్రతివాడికీ ఏదో ఒక రోజు ఈ డౌట్ వస్తుంది: సీఎన్‌జీ కిట్ వేయించేసుకుంటే పోలా అని. ఇంకో బ్యాచ్ ఉంటుంది, కిట్టూ వద్దు ఏమీ వద్దు, సరిగ్గా నడిపితే అదే మైలేజీ ఇస్తుంది అనే బ్యాచ్. రెండిట్లోనూ నిజం ఉంది గానీ ఎవరికి ఏది అన్నది నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు అన్నదాని మీదే ఉంటుంది, ఆ ఒక్క నంబర్ చెప్పకుండా ఎవరైనా "సీఎన్‌జీ బెస్ట్ బ్రో" అంటే నమ్మకండి.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే చాలామంది ఢిల్లీ వాళ్ల లెక్కలు విని ఇక్కడ కిట్ వేయిస్తున్నారు. అక్కడ గ్యాస్ మన దగ్గర కన్నా బాగా చవక. మన దగ్గర పెట్రోల్‌కీ గ్యాస్‌కీ తేడా తక్కువ. వ్యాగన్‌ఆర్ లాంటి బండే తీసుకుందాం, 1.0 పెట్రోల్ మాన్యువల్‌కి కంపెనీ కాగితం మీద లీటర్‌కి 24.35 కిలోమీటర్లు, సీఎన్‌జీకి కిలోకి 34.05. ఇవి టెస్ట్ ల్యాబ్‌లో రోలర్ల మీద చక్రాలు తిప్పి తీసే నంబర్లు, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని తీసినవి కాదు. సిటీలో పెట్రోల్ మీద 16, గ్యాస్ మీద 23 వస్తుంది అనుకుందాం. పెట్రోల్ 107, గ్యాస్ కిలో 96 వేసుకుంటే కిలోమీటర్‌కి పెట్రోల్ 6.70, గ్యాస్ 4.17. అంటే రెండున్నర రూపాయలు మిగులుతుంది. "ఖర్చు సగం" అని కిట్ షాపు వాడు చెప్పేది కాదు, దాదాపు 38 శాతం. తక్కువేం కాదు, కానీ సగం కాదు. మీ ఊళ్లో రేట్లు వేరే ఉంటే ఇందులో వేసి చూసుకోండి, పద్ధతి అదే.

ఇప్పుడు నెలకి 800 కిలోమీటర్లు తిరిగే మనిషి, అంటే ఇల్లు ఆఫీసు, ఆదివారం అత్తగారిల్లు టైపు. పెట్రోల్‌కి 5350 అవుతుంది, గ్యాస్ అయితే 3340 దాకా, నెలకి రెండు వేలు మిగులు. మంచి సీక్వెన్షియల్ కిట్ (ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కి విడిగా గ్యాస్ అందించేది) 60 వేలు అనుకుంటే ఆ డబ్బు వెనక్కి రావడానికి 30 నెలలు. అదే నెలకి 2000 కిలోమీటర్లు తిరిగేవాడికి నెలకి ఐదు వేలు మిగులుతుంది, ఏడాదిలో కిట్ డబ్బు వచ్చేస్తుంది, తర్వాత అంతా లాభమే. చూశారుగా, అదే కిట్, అదే కారు.

ఇక కుడికాలి సంగతి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, "మైలేజీ కోసం ముసలాడిలా నడపాలా" అని. కాదండీ. స్లోగా వెళ్లడం కాదు పాయింటు, బ్రేక్ తక్కువ కొట్టడం పాయింటు. బ్రేక్ వేసిన ప్రతిసారీ మనం అంతకుముందు పెట్రోల్ కాల్చి తెచ్చుకున్న స్పీడుని బ్రేక్ ప్యాడ్ల దగ్గర వేడి చేసి వదిలేస్తున్నాం. కేపీహెచ్‌బీ నుంచి అమీర్‌పేట దాకా ఎవరినైనా గమనించండి, ముందు సిగ్నల్ రెడ్ ఉందని రెండు వందల మీటర్ల నుంచే కనపడుతున్నా యాక్సిలరేటర్ తొక్కుకుంటూ పోయి ఆఖర్లో గట్టిగా బ్రేక్ కొడతారు. ఆ రెడ్ కనపడగానే కాలు తీసేస్తే బండి గేర్‌లోనే దొర్లుతూ వెళ్తుంది, సగం సార్లు మనం వెళ్లేసరికి గ్రీన్ పడుతుంది, ఆగకుండానే దాటిపోతాం. మధ్యలో ఎవడో బైకువాడు మన ముందు గ్యాప్‌లో దూరుతాడు, దూరనివ్వండి, అక్కడితో ప్రపంచం ఆగిపోదు. ట్రాఫిక్‌లో ఆగుతూ వెళ్తున్నప్పుడు దూకుడుగా నడిపితే మైలేజీ 10 నుంచి 40 శాతం దాకా పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెప్తుంది. మనం నలభై ఆశించక్కర్లేదు, 16 ఇచ్చే బండి 18.5 ఇచ్చినా చాలు, 800 కిలోమీటర్లకి 700 పైన మిగులుతుంది, పైసా పెట్టుబడి లేదు.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి చెప్పాలి, న్యూట్రల్. దిగుడు రాగానే గేర్ తీసేసి న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోల్ మిగులుతుందని మన పెద్దవాళ్లు నేర్పించారు, కార్బొరేటర్ బళ్ల రోజుల్లో అందులో కొంత అర్థం ఉండేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేర్‌లో ఉంచి కాలు పూర్తిగా తీసేస్తే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, ఇంజెక్టర్లకి పెట్రోల్ ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండాలి కాబట్టి ఐడ్లింగ్‌కి పెట్రోల్ తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లోనే ఎక్కువ ఖర్చు! పైగా తిరుమల ఘాట్ దిగేటప్పుడో శ్రీశైలం ఘాట్‌లోనో న్యూట్రల్‌లో దిగితే భారం మొత్తం బ్రేకుల మీదే పడి అవి వేడెక్కి పట్టు తప్పుతాయి, అక్కడ రెండో గేర్‌లో దిగేది అందుకే. ఈ అలవాటు మాత్రం ఈరోజే మానేయండి.

సిగ్నల్ దగ్గర టైమర్ ఎలాగూ కనపడుతుంది, అరవై డెబ్బై సెకన్లు ఉంటే ఇంజన్ ఆపేయండి. మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువ తాగుతుంది అనేది కూడా పాత మాటే, పది సెకన్లకి మించి ఆగితే ఆపడమే లాభం. కాకపోతే మే నెల మధ్యాహ్నం వెనక సీట్లో పిల్లలు ఉన్నప్పుడు ఏసీ ఆపండి అని నేను చెప్పను, చెప్పినా వినరు. ఏసీ విషయంలో చేయగలిగింది ఒకటుంది, ఎండలో పెట్టిన కారు ఎక్కగానే ఏసీ ఫుల్ పెట్టకుండా ఓ నిమిషం డోర్లు తీసి వేడి గాలి పోనిచ్చి, తర్వాత రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే మోడ్) మీద పెట్టాలి. సిటీ స్పీడులో చల్లగా ఉన్న రోజు అద్దాలు దించుకుంటే ఆదా, హైవే మీద మాత్రం అద్దాలు మూసి ఏసీ వేసుకోవడమే నయం, తెరిచి పెడితే గాలి లోపలికి కొట్టి బండిని వెనక్కి లాగుతుంది.

హైవే అన్నాం కాబట్టి హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) సంగతి కూడా. లోపలి లేన్లలో 120 దాకా పర్మిషన్ ఉంది కదా అని చిన్న బండిని 120 మీద పెడతారు. గాలి అడ్డుకునే బలం స్పీడు స్క్వేర్ లెక్కన పెరుగుతుంది, 80 నుంచి 120కి పోతే ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ సుమారు 22 కిలోమీటర్లు, 90 మీద వెళ్తే పావుగంట లోపే, 120 మీద వెళ్తే 11 నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల కోసం కాల్చే పెట్రోల్ ఎయిర్‌పోర్టు టీ కంటే ఖరీదు కాకపోవచ్చు గానీ రోజూ తిరిగేవాడికి నెలాఖరున తెలుస్తుంది. స్లోగా పోయేటప్పుడు మాత్రం దయచేసి ఎడమ లేన్లో పోండి.

టైర్ల గాలి గురించి అందరూ పెద్ద మాటలు చెప్తారు, నిజానికి లాభం చిన్నదే, ఒక పీఎస్‌ఐ (గాలి ప్రెషర్ కొలత) తగ్గితే మైలేజీ 0.2 శాతం లోపే తగ్గుతుంది, ఐదు తగ్గినా ఒక శాతం. కానీ ఫ్రీ పని, టైర్లు కూడా ఎక్కువ రోజులు వస్తాయి కాబట్టి చేయండి. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఎంత కొట్టాలో రాసి ఉంటుంది, అదే ఫైనల్, పంక్చర్ షాపు అతను "హైవేకి పోతున్నారా సార్, నలభై కొడతా" అంటే ఒప్పుకోకండి. పొద్దున్నే టైర్ చల్లగా ఉన్నప్పుడు చెక్ చేయించాలి. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందనేది ఇంజెక్షన్ బళ్లలో పెద్దగా పనిచేయదు, అమెరికాలో ఓక్ రిడ్జ్ ల్యాబ్ వాళ్లు టెస్ట్ చేసి మరీ చెప్పారు, పికప్ మాత్రం బాగవుతుంది.

మళ్లీ సీఎన్‌జీకి వద్దాం, లెక్కలో కనపడని ఖర్చులు ఉన్నాయి దీనికి. మొదటిది డిక్కీ. 60 లీటర్ల సిలిండర్ పెట్టాక సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, అరిసెల డబ్బాలు ఎక్కడ పెడతారో ముందే ఆలోచించుకోండి, వెనక సీట్లో అమ్మ కాళ్ల దగ్గరే గతి. టాటా వాళ్లు రెండు చిన్న సిలిండర్లు కింద పెట్టి డిక్కీ మిగిల్చారు గానీ అది కంపెనీ నుంచి వచ్చిన బండికే, బయట కిట్‌కి కాదు. రెండోది పవర్, వ్యాగన్‌ఆర్‌లోనే పెట్రోల్ మీద 67 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే) ఉంటే గ్యాస్ మీద 57, ఐదుగురు ఎక్కి ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కితే తేడా కాలికే తెలుస్తుంది. మూడోది క్యూ. గ్యాస్ బంకుకి వెళ్తే అందరినీ బండి దిగమంటారు, ముందు పది ఆటోలు, సాయంత్రం ప్రెషర్ లేకపోతే ఎనిమిది కిలోలు పట్టే చోట ఆరే ఎక్కుతుంది. ఆ అరగంటకి విలువ కట్టుకోవాల్సింది మీరే.

ఇంకో విషయం చాలామందికి తెలీదు, ఎక్కువ సీఎన్‌జీ బళ్లు స్టార్ట్ అయ్యేది పెట్రోల్ మీదే, ఇంజన్ కాస్త వేడెక్కాక గ్యాస్‌కి మారతాయి. పిల్లల్ని స్కూల్లో దింపి రెండు కిలోమీటర్లలో ఇంటికొచ్చే బండి అయితే అందులో మంచి భాగం పెట్రోల్ మీదే అయిపోతుంది. మరి కిట్ ఎందుకు?

పేపర్ల పని కూడా ఉంది. బీఎస్6 (కొత్త పొగ రూల్స్) పెట్రోల్ కార్లకి బయట కిట్ వేయించుకోవడానికి 2022లో కేంద్రం దారి ఇచ్చింది, కానీ ఆ మోడల్‌కి అప్రూవల్ ఉన్న కిట్టే అయ్యుండాలి, ఆర్టీవోలో ఆర్సీ మీద ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పి ప్రీమియం కట్టాలి, సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీళ్ల ప్రెషర్‌తో చేసే పరీక్ష) చేయించాలి. 800 కిలోమీటర్ల వాడికి కిట్ డబ్బు వెనక్కొచ్చేది 30 నెలలకి అనుకున్నాం కదా, ఆ మిగులు మొదలవ్వగానే హైడ్రో టెస్ట్ టైమ్ వచ్చి కూర్చుంటుంది. ఆర్సీలో ఎక్కించకుండా వాడేవాళ్లు ఉన్నారు, ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. బండి వారంటీలో ఉంటే బయట కిట్‌తో ఇంజన్ వారంటీ మీద కూడా ఆశ వదులుకోవాలి.

అందుకే కొత్తగా కొనేవాళ్లు, రన్నింగ్ ఎక్కువ ఉంటే, కంపెనీ సీఎన్‌జీయే తీసుకోండి. పెట్రోల్ మోడల్ కన్నా 90 వేలు ఎక్కువ అనుకుంటే 2000 కిలోమీటర్ల వాడికి ఏడాదిన్నరలో వచ్చేస్తుంది, వారంటీ ఉంటుంది, పేపర్లు షోరూమ్ వాళ్లే చూసుకుంటారు. మా పెద్దబావ విజయవాడలో ట్రావెల్స్ నడుపుతాడు, పెట్రోల్ బండి ఊరికే ఇస్తానన్నా తీసుకోడు. ఆయనకి అది రైట్. ఆయన్ని చూసి, ఇంటి ముందు బండి పెట్టి వారానికి రెండుసార్లు తీసేవాడు కిట్ వేయించుకుంటే మాత్రం దండగ.

హైబ్రిడ్ అడుగుతారు కొందరు, గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కి కంపెనీ లెక్కలో 27.97 ఉంది, సిటీలో నిజంగానే బాగా ఇస్తుంది, కానీ మామూలు పెట్రోల్ మోడల్ కన్నా లక్షలు ఎక్కువ పెట్టాలి, నచ్చితే కొనండి గానీ పెట్రోల్ డబ్బు ఆదా చేద్దామని కొనకండి.

పవర్ పెట్రోల్, ఎక్స్‌పీ95 లాంటివి మామూలు చిన్న కారుకి పోయించడం వేస్ట్, ఆక్టేన్ ఎక్కువ ఉంటే మైలేజీ ఎక్కువ అని ఎక్కడా లేదు. ఓబీడీ పోర్టులో (మెకానిక్ స్కానర్ గుచ్చే సాకెట్‌లో) పెట్టే "ఫ్యూయల్ సేవర్" డబ్బాలు, పైపుకి కట్టే అయస్కాంతాలు అసలే వద్దు, ఇలాంటి వస్తువులు అమెరికా ఈపీఏ వందకి పైగా టెస్ట్ చేసింది, పనికొచ్చేవి దాదాపు ఏమీ తేలలేదు. మైలేజీ పడిపోయిందని మెకానిక్ దగ్గరికి పరిగెత్తేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, ఇప్పుడు పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. పాత ఈ0 డిజైన్ (ఇథనాల్ లేని పెట్రోల్‌కి చేసిన) బళ్లలో 6-7 శాతం తగ్గొచ్చని 2021లోనే నీతి ఆయోగ్ రిపోర్టులో రాశారు. అంటే 16 ఇచ్చే బండి 15 ఇస్తే అది ఇంజన్ తప్పు కాకపోవచ్చు.

సో నా లైన్ ఇది. నెలకి వెయ్యి లోపు తిరిగితే కిట్ జోలికి పోవద్దు, కాలు సరిచేసుకోండి, ఎందుకంటే మీరు 18.5కి తెచ్చుకున్నాక, గ్యాస్ మీదా మైలేజీ అదే లెక్కన పెరిగినా, 800 కిలోమీటర్ల వాడికి గ్యాస్ వల్ల వచ్చే మిగులు కూడా నెలకి 1750 లోపుకి పడిపోతుంది, కిట్ డబ్బు రావడం మూడేళ్లకి దగ్గరవుతుంది. 1500 దాటితే, రోజూ వెళ్లే దారిలో గ్యాస్ బంకు ఉంటే, సీఎన్‌జీ. మధ్యలో ఉన్నవాళ్లకి ఆ బంకు ఎంత దూరం అన్నదే తేలుస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి, ఇంకో రెండేళ్లలో అమ్మేద్దాం అనుకుంటున్న బండికి కిట్ అస్సలు వద్దు.

ఏది చేసినా ముందు మీ బండి అసలు ఎంత ఇస్తోందో చూసుకోండి, డాష్‌బోర్డు మీద నంబర్ కాస్త ఎక్కువ చూపిస్తుంటుంది. ఒకే బంకులో ఫుల్ ట్యాంక్, ఆటో కట్ పడగానే ఆపించాలి, బంకు కుర్రాడు రౌండ్ ఫిగర్ కోసం నాజిల్ ఎత్తి ఇంకో అర లీటర్ కుక్కబోతాడు, వద్దనండి. ట్రిప్ మీటర్ జీరో చేసి ఓ మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి అదే బంకులో మళ్లీ ఆటో కట్ దాకా కొట్టించి, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించండి. ఆ నంబర్‌తో పైన లెక్క మళ్లీ వేయండి, 16 చోట మీకు 13 వచ్చినా 19 వచ్చినా కిట్ డబ్బు తిరిగొచ్చే టైమ్ చాలా మారిపోతుంది.