గ్రీజు క్రాసులు, కొత్త సెంటర్ బేరింగ్: లక్షా పదివేల కిలోమీటర్ల తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ సమీక్ష

బండి వెనక చక్రాలు తిప్పే డీజిల్ జీపు. గేర్‌బాక్స్ తిప్పుడును వెనక ఇరుసుకు చేర్చే గొట్టం, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, రెండు ముక్కలు. వంపులోనూ తిరిగేలా వాటిని కలిపే కూడిక ముక్కలు, అంటే క్రాసులు, మూడు. నడుమ షాఫ్ట్‌ను మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు గూట్లో. తిరిగేది సగం 65వ నంబరు జాతీయ రహదారి మీద, నార్కట్‌పల్లి, చిట్యాల దాటి హైదరాబాద్ వైపు. మిగతా సగం దేవరకొండ, డిండి పక్క చెలక బాటల్లో, నాట్లప్పుడు వరి మళ్ల వెంట బురదలో. గ్రీజు నిప్పుల్ ఉన్న క్రాసులు మూడూ, సెంటర్ బేరింగూ ఒకేసారి పడ్డాయి. లక్షా పదివేల కిలోమీటర్లకు రెండు క్రాసులు ఇంకా అవే. హౌసింగ్ (వెనక ఇరుసు నడిమి గేర్ల డబ్బా) దగ్గరి క్రాస్ 78 వేల దగ్గర మారింది. బేరింగ్ మంచిగానే ఉంది, దాని రబ్బరు మాత్రం ఇప్పుడు పగుళ్లు చూపిస్తోంది.

అంతకుముందున్నవి సీలు క్రాసులు, అంటే గ్రీజు పెట్టే దారి లేకుండా మూసేసినవి. సీలు క్రాస్‌లో గ్రీజు దారి కోసం రంధ్రాలు తొలవరు కాబట్టి ఇనుము గట్టిగా ఉంటుంది. తారురోడ్డు మీదే తిరిగే బండికి అదే మేలు. మన దగ్గర చిక్కు వేరు. మడిలో నీళ్లు, ఎండాకాలం దుబ్బ కలిసి సీలు పెదవిని కోస్తాయి. ఒకసారి లోపలికి నీరు పోయిందంటే దాన్ని బయటికి నెట్టే దారి లేదు. క్రాస్ నాలుగు కొసలకూ సూది బేరింగ్ ఉండే చిన్న కప్పులుంటాయి. కప్పు అంచున ఇటుక పొడి లాంటి ఎర్రటి పొడి కనిపిస్తే సూదులు తుప్పు పట్టి అరుగుతున్నట్టే. గ్రీజు క్రాస్‌లో ప్రతిసారీ కొత్త గ్రీజు పాత మురికిని నెట్టేస్తుంది. 5,000 కిలోమీటర్లకోసారి, బురదలో దిగితే అదే వారంలో, లిథియం ఈపీ-2 గ్రీజు పెట్టాలి. నాలుగు కప్పుల దగ్గరా కొత్త గ్రీజు బయటపడాలి. మూడింట్లో వచ్చి ఒకదాంట్లో రాకపోతే అక్కడితో వదిలేయొద్దు. బండిని అరచుట్టు ముందుకు నెట్టి, షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ కదుపుతూ మళ్లీ గన్ కొట్టండి. ఆ కప్పు మీది భారం తప్పితే దారి ఇస్తుంది. గ్రీజు గన్ పట్టే ఓపిక లేనివాళ్లు మాత్రం సీలు రకమే కొనుక్కోవాలి. ఎండిపోయిన గ్రీజు క్రాస్ దానికంటే ముందే పోతుంది.

పార్టు సంగతి ఇంతే. 78 వేలకూ 20 వేలకూ తేడా తెచ్చేది బిగించే పద్ధతి.

విప్పే ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బండిని స్టాండ్ల మీద నిలపాలి. షాఫ్ట్ ఊడిన క్షణం నుంచి గేరు బండిని ఆపదు. చాలామంది మర్చిపోయేది ఇదే. తర్వాత గుర్తులు. గేర్‌బాక్స్ ఫ్లాంజ్ (బోల్టులు బిగించే పళ్లెం), హౌసింగ్ ఫ్లాంజ్, జారే యోక్ (క్రాస్‌ను రెండు చెవులతో పట్టి, పళ్ల మీద ముందుకూ వెనక్కూ జారే ముక్క), ఈ మూడు చోట్లా రెండు ముక్కల మీదుగా పెయింట్‌తో ఒకే గీత గీయాలి. సుద్ద గీత గ్రీజు చేత్తో తుడుచుకుపోతుంది. జారే యోక్‌లో 16 పళ్లు ఉన్నాయనుకోండి, ఒక్క పన్ను తప్పితే 22.5 డిగ్రీలు తప్పినట్టు.

అంత పట్టింపు ఎందుకంటే, క్రాస్ జాయింట్ వంపులో తిరిగినప్పుడు అవతలి వైపు వేగం ఒకే తీరున ఉండదు. ఒక్క చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. 10 డిగ్రీల వంపుకు ఈ హెచ్చుతగ్గు అటూ ఇటూ ఒకటిన్నర శాతం, 5 డిగ్రీలకు అర శాతం లోపు. రెండో చివరి జాయింట్ కూడా అంతే వంపులో, దాని యోక్ మొదటిదాని వరసలో ఉంటే ఆ తేడా అక్కడ కొట్టుకుపోతుంది. వరస తప్పితే రెండు తేడాలూ పూర్తిగా కొట్టుకుపోవు, మిగిలింది నేల అదురుగా కాళ్లకు తగులుతుంది. గుర్తు లేకుండా విప్పిన షాఫ్ట్ దొరికితే ఒకే ముక్క మీది రెండు యోక్‌ల చెవులను ఒకే వరసలోకి తెచ్చి చూడాలి. కొన్ని బండ్లలో కంపెనీయే బాణం గుర్తు కొట్టి ఉంటుంది. గ్రీజు తుడిచి వెతకండి, కనిపిస్తే దాని మాటే చెల్లుతుంది.

ఒక చివర విప్పాక షాఫ్ట్‌ను వేలాడనివ్వొద్దు, తాడుతో కట్టాలి. వేలాడితే మిగిలిన క్రాస్, సెంటర్ బేరింగ్ రబ్బరు రెండూ వంగి దెబ్బతింటాయి. ముందు కొస నేరుగా గేర్‌బాక్స్ తోకలోకి జొచ్చే రకమైతే గుంజగానే ఆయిల్ కారుతుంది. కింద డబ్బా పెట్టి, బిగించాక మట్టం చూసి నింపాలి.

క్రాస్ ఎక్కించడానికి సుత్తి వద్దు. వైస్‌లో ఒక పక్క కప్పు కంటే చిన్న సాకెట్, ఎదుటి పక్క కప్పు కంటే పెద్ద సాకెట్ పెట్టి నెమ్మదిగా నెట్టాలి. ఈ పనిలో ఎక్కువగా చెడేది ఒక సూది పడిపోయి కప్పు అడుగున అడ్డంగా పడుకోవడం. అప్పుడు కప్పు చివరిదాకా పోదు, లాకు (కప్పు ఊడకుండా పట్టే రింగు) కూర్చునే గాడి సగమే కనిపిస్తుంది. ఇంకొంచెం బిర్రుగా నొక్కితే సరిపోతుందని నొక్కితే కప్పు పగులుతుంది. వెనక్కి తీసి, సూదులను చిక్కటి గ్రీజుతో గోడకు అంటించి మళ్లీ పెట్టడమే దారి. లాకులు కొన్ని బండ్లకు వేర్వేరు మందాల్లో దొరుకుతాయి. రెండు పక్కలా ఒకే మందం వేస్తేనే క్రాస్ నడిమధ్యన కూర్చుంటుంది. అయ్యాక యోక్ చెవుల మీద ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టి, చేత్తో వంచి చూడండి. నాలుగు దిక్కులా ఒకే బిగువుతో కదలాలి. ఒక చోట పట్టేస్తే అక్కడే ముందుగా అరుగుతుంది. గ్రీజు నిప్పుల్ షాఫ్ట్ గొట్టం వైపు ఉండాలి, ఫ్లాంజ్ వైపు తిరిగితే గన్ మూతి పట్టదు.

సెంటర్ బేరింగ్ విప్పేటప్పుడు పట్టీకీ ఛాసిస్‌కీ నడుమ పలుచని బిళ్లలు ఉన్నాయేమో చూడాలి. అవి చెత్త కావు, ఎత్తు సరిచేయడానికి పెట్టినవి. ఎన్ని ఉన్నాయో, ఏ పక్కన ఉన్నాయో రాసుకోండి. అవి పోతే మొదటి గేరులో కదిలేటప్పుడు బండి వణుకుతుంది, బాగు చేసేవాళ్లు క్లచ్ మీద నేరం వేస్తారు. పట్టీ బోల్టులు చేత్తో మాత్రమే తిప్పి వదిలి, బండిని నేల మీదికి దించి, నాలుగు గజాలు ముందుకూ వెనక్కూ నెట్టాక అప్పుడు బిగించాలి. చక్రాల మీద బరువు లేకుండా బిగిస్తే రబ్బరు మెలిపడే ఉండిపోతుంది.

ఫ్లాంజ్ ముఖాల మీది తుప్పు, పెయింట్ గీకేయాలి. బోల్టు తల మీద దాని గట్టితనం చెప్పే అంకె 8.8 లేదా 10.9 ఉండాలి, ఏది తీశారో అదే వేయాలి. నైలాన్ నట్లు కొత్తవే. ఎదురెదురుగా బిగించాలి. మాన్యువల్‌లో చెప్పిన టార్క్ (ఎంత బలంతో బిగించాలన్న లెక్క) దొరకకపోతే 10 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకు 45–50 న్యూటన్ మీటర్లు. 500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి పానా వేసి చూడాలి. ముందు చివర ఊడి రోడ్డులో గుచ్చుకుంటే ఏమవుతుందో ఊహించుకుంటే ఈ పది నిమిషాలు దండగ అనిపించవు.

అదురు మిగిలితే మొదట చూడాల్సింది మట్టి. 215/75 ఆర్15 టైరు, హౌసింగ్ నిష్పత్తి 4 (షాఫ్ట్ నాలుగు చుట్లకు చక్రం ఒక చుట్టు) అనుకుంటే 80 వేగంలో షాఫ్ట్ నిమిషానికి దాదాపు 2,400 చుట్లు తిరుగుతుంది. గొట్టం నడిమధ్య నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో ఒక పక్కన 20 గ్రాముల మట్టి ఎండి అంటుకుంటే అది 5 కిలోల బలంతో షాఫ్ట్‌ను బయటికి గుంజుతుంది. కడిగితే పోయే అదురుకు కొత్త షాఫ్ట్ కొన్నవాళ్లున్నారు. గొట్టం మీద వెల్డు చేసిన చిన్న ఇనుప ముక్కలను మాత్రం ముట్టొద్దు, అవి బ్యాలెన్స్ ముక్కలు.

ఇక్కడ వడ్ల బస్తాల కోసం వెనక అదనపు కమాన్ పట్టీలు వేయించే అలవాటు ఉంది. ఇరుసు ఎత్తు మారితే పినియన్ (షాఫ్ట్ తిప్పుడును హౌసింగ్‌లోకి తీసుకునే గేరు) వంపూ మారుతుంది. బండి నేల మీద ఉండగా వెనక షాఫ్ట్ ముక్క రెండు చివర్ల జాయింట్ల వంపులు, అంటే సెంటర్ బేరింగ్ పక్కదీ పినియన్ పక్కదీ, కొలవండి, ఫోన్‌లోని మట్టపు యాప్ చాలు. రెండింటి తేడా ఒక డిగ్రీ దాటితే ఇరుసుకూ కమాన్ పట్టీలకూ నడుమ ఏటవాలు బిళ్లలు వేయాలి. 78 వేల దగ్గర హౌసింగ్ క్రాస్ పోవడానికి కారణం ఇదే, పట్టీలు వేశాక వంపు సరిచూడలేదు. బిళ్లలు వేసిన తర్వాత వేసిన క్రాస్ 32 వేలకు ఇంకా కొత్త బిగువుతోనే ఉంది. జారే యోక్‌కు రెండు మూడు గన్ దెబ్బలకు మించి గ్రీజు కొట్టడం లేదు. నిండా నింపితే బరువుకు వెనక భాగం దిగినప్పుడు గ్రీజు లోపలే ఇరుక్కొని షాఫ్ట్‌ను గేర్‌బాక్స్ మీదికి నెడుతుంది.