మేకల గుళికల దాణా: సరుకు మంచిదే, వాడకం సూచనలే సరిగా లేవు

కొట్టంలో కట్టి పెంచే మేకల కోసం ఒక ప్రైవేటు కంపెనీ అమ్ముతున్న గుళికల దాణాను మా ఉస్మానాబాదీ జాతి మేకల మందకు వానాకాలమంతా పెట్టి చూశాము. దాణాగా దీనికి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు గాని, బస్తా వెనుక అచ్చు వేసిన సూచనలు మాత్రం మేక పొట్ట ఎలా పనిచేస్తుందో పట్టించుకోకుండా రాసినట్టున్నాయి.

గుళికలు గట్టిగా, ఒకే లావున ఉన్నాయి. బస్తా అడుగున పొడి చాలా తక్కువ. మేకల విషయంలో ఇది చిన్న సుగుణం కాదు. మేకకు పైదవడ ముందు భాగంలో పళ్ళుండవు; అక్కడి గట్టి చిగురుకు కింది ఎనిమిది పళ్ళను ఆనించి, చురుకైన పెదవులతో తనకు నచ్చినదాన్ని మాత్రమే ఏరుకుంటుంది. తవుడు, చెక్క, నూక కలిపి తొట్టిలో పోస్తే రుచైనవన్నీ తినేసి ఖనిజ లవణాల పొడిని అడుగున వదిలేస్తుంది. గుళికలో ఆ ఏరివేతకు వీలుండదు. పైగా బెల్లపు మడ్డి వాసనకు మా మేకలు మొదటి పూటే మూతి పెట్టాయి.

చీటీ మీద మాంసకృత్తులు 16 శాతం, కాల్షియం 1 శాతం, భాస్వరం 0.5 శాతం అని ఉంది. కాల్షియం భాస్వరానికి రెట్టింపు ఉండడం పోతులకు, ముఖ్యంగా విత్తులు కొట్టించిన వాటికి, ఎంతో అవసరం. ధాన్యం, తవుడు ఎక్కువైన మేతలో భాస్వరం పెరిగి మూత్రనాళంలో రాళ్ళు అడ్డుపడతాయి. అయితే మాంసకృత్తుల లెక్క పెంచడానికి యూరియా కలిపారో లేదో చీటీలో ఒక్క మాట లేదు. మేత పులిసే పెద్దపొట్ట ఇంకా ఎదగని పిల్లలు యూరియాను వాడుకోలేవు, పెద్ద మేకలకైనా మోతాదు మించితే అది విషమే. దుకాణదారుణ్ణి అడిగితే "కంపెనీ వాళ్ళనే అడగండి సార్" అన్నారు. అందుకే పిల్లలకు ఈ దాణా పెట్టలేదు.

అసలు అభ్యంతరం మోతాదు మీద. మొదటి రోజు నుంచే పెద్ద మేకకు 700 గ్రాములు పెట్టవచ్చనీ, గడ్డి వేయకపోయినా ఫరవాలేదనీ రాశారు. మేక కడుపులోని నాలుగు గదుల్లో అన్నిటికన్నా పెద్దదైన పెద్దపొట్టలో అసంఖ్యాకమైన సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి; మేకకు కావలసిన శక్తిలో అధిక భాగం వాటి నుంచే వస్తుంది. పీచు మేత ఉంటేనే నెమరు బాగా సాగుతుంది, నెమరేస్తేనే లాలాజలం ధారాళంగా ఊరుతుంది, అందులోని క్షారమే పొట్టలోని పులుపును అదుపు చేసి, పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత అయిన పి.హెచ్.‌ను సుమారు 6, 7 మధ్య నిలుపుతుంది. గడ్డి లేకుండా పిండిపదార్థం ఒక్కసారిగా దిగితే లాక్టిక్ ఆమ్లం పేరుకొని పి.హెచ్. 5.5 కన్నా కిందికి పడిపోతుంది. మేక మేత మాని, పళ్ళు కొరుకుతూ, పలచగా పారుకుంటుంది, ముదిరితే చనిపోతుంది. పేగుల్లో విషం పుట్టి మేక ప్రాణం తీసే చిటుక రోగానికి కారణమైన సూక్ష్మక్రిమి పేగుల్లో విజృంభించేదీ ఇలాంటి హఠాత్తు మార్పుతోనే కాబట్టి, టీకా వేయించామన్న ధీమాతో ఈ సూచనను పాటించకూడదు.

మేము పిడికెడుతో మొదలుపెట్టి, రెండు వారాల పాటు కొద్దికొద్దిగా పెంచాము. అదీ వేరుశనగ కట్టె, కంది పొట్టు తిన్న తరువాతే, రెండు పూటలుగా విడదీసి. పెంచిన ప్రతిసారీ ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి చూసేవాళ్ళం. ఆరోగ్యంగా ఉన్న పెద్దపొట్ట నిమిషానికి ఒకటి రెండు సార్లు కదిలి చేతిని బయటికి నెడుతుంది. ఆ కదలిక మందగిస్తే ఆ పూటకు దాణా ఆపేయాలి. ఈ పద్ధతిలో ఒక్క మేకకూ కడుపుబ్బరం రాలేదు, పాలిచ్చే తల్లుల ఒళ్ళు కూడా తగ్గలేదు.

బస్తా ఒకే పొర కావడం మరో లోపం. వాన చెమ్మకు గోడ పక్కనున్న బస్తాలో గుళికలు గడ్డకట్టి బూజు పట్టాయి. వేరుశనగ చెక్క ఉన్న దాణాలో బూజంటే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం ఉంటుంది కనుక ఆ బస్తా మొత్తం పారబోశాము. చెక్క బల్లల మీద, గోడకు దూరంగా పేర్చుకోవడం మంచిది.

ధర మామూలు దాణా కన్నా ఎక్కువ. సుమారు 150 రోజుల చూడిలో చివరి నెలన్నర, ఆపై పాలిచ్చే కాలం, అమ్మకానికి సిద్ధం చేసే పోతులు, వీటికి పెడితే గిట్టుబాటు అవుతుంది. పగలంతా తుమ్మ కాయలు, రేగు కంపలు మేసి వచ్చే మందకు ఇంత ఖర్చు అనవసరం.