వేళాంగణా, గుణదలా? కడప నుంచి పోయేవాళ్లకు ఏది మేలు?

మరియాపురం చర్చిలో ఆదివారం పూజ అయ్యాక, బయట చెట్టు కింద నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఏటా ఈ మాట వస్తుంది: "ఈసారి మాత దగ్గరికి యాడికి పోదాం? వేళాంగణికా, గుణదలకా?" మొక్కు ఉన్నవాళ్లకు ఈ సందేహం రాదు. ఎక్కడ మొక్కుకున్నారో అక్కడికే పోవాలి. మొక్కు లేకున్నా మాతను దర్శించుకుని, గుడిని కూడా తీరిగ్గా చూసి రావాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

ఈ రెండింటికీ ఫ్రాన్సులోని లూర్దుతో చుట్టరికం ఉంది. 1858లో బెర్నదెత్ అనే పేదింటి పిల్లకు మరియమాత 18 సార్లు కనిపించిన చోటు అది. అక్కడ మొదట ఉన్నది ఒక రాతి గుహ మాత్రమే, పెద్ద దేవాలయాలు తర్వాత లేచాయి. వేళాంగణి ఆ దేవాలయం రూపును తెచ్చుకుంది. గుణదల గుహను తెచ్చుకుంది. ఎటు పోవాలన్నా నేను ముందు ఈ తేడానే చూస్తాను.

తమిళనాడు సముద్ర తీరాన ఉన్న వేళాంగణి కథ లూర్దు కంటే పాతది. పాలు తీసుకుపోయే పిల్లవాడికి, మజ్జిగ అమ్మే కుంటి పిల్లవాడికి మాత కనిపించిందని చెబుతారు. ఆ తర్వాత 17వ శతాబ్దంలో తుఫానులో చిక్కిన పోర్చుగీసు నావికులు సెప్టెంబర్ 8న, అంటే మాత పుట్టినరోజున, ఆ ఒడ్డుకు చేరారట. బతికి బయటపడ్డామన్న కృతజ్ఞతతో అక్కడున్న పూరి గుడి స్థానంలో గట్టి గుడి కట్టించారు. మళ్లీ వచ్చినప్పుడు, బైబిలు ఘట్టాలు చిత్రించిన చైనా పింగాణీ పలకలు తెచ్చి పీఠానికి అమర్చారు. జనం తోపులాటలో చాలామంది వాటిని చూడకుండానే బయటికి వచ్చేస్తారు. దయచేసి ఒక్క ఐదు నిమిషాలు అక్కడ ఆగండి. పోర్చుగీసు నావికుల మొక్కు, చైనా కుమ్మరుల పనితనం, చీర కట్టుకున్న మన మాత ఒకే పీఠం దగ్గర కనిపిస్తాయి. ఇంకెక్కడ చూస్తాం?

గోడలు తెల్లటివి. కోసు తోరణాలు, నింగికి లేచిన శిఖరాలు ఐరోపా పాత చర్చిల గోథిక్ పద్ధతివి. 1962లో పోప్ 23వ జాన్ దీనికి బసిలికా హోదా, అంటే ముఖ్యమైన చర్చిలకు పోప్ ఇచ్చే ప్రత్యేక గౌరవం, ఇచ్చారు. జనం పెరిగి చోటు చాలక, 1975లో వెనకవైపు లూర్దు దేవాలయాన్ని పోలిన రెండంతస్తుల భాగం కట్టారు. ఫోటోలకు అదే బాగుంటుంది, నాకు మాత్రం పాత భాగమే ఇష్టం. కొత్తది ఎంతమంది వస్తున్నారో చెబుతుంది, పాతది ఎవరు వచ్చారో చెబుతుంది.

గుణదలలో కట్టడం కోసం వెతికితే నిరాశపడతారు. 1924లో ఫాదర్ అర్లాటి అనే ఇటలీ గురువు విజయవాడ పక్కన ఆ కొండ గుహలో లూర్దుమాత స్వరూపం పెట్టించారు. అక్కడ కొండే గుడి. జపమాల చెప్పుకుంటూ మెట్లెక్కి గుహ దగ్గర కొవ్వొత్తి వెలిగించి, ఓపిక ఉంటే కొసనున్న సిలువ దాకా పోతారు. కొబ్బరికాయ కొట్టేవాళ్లు, తలనీలాలిచ్చేవాళ్లు, బొట్టు పెట్టుకుని వచ్చే హిందూ అక్కచెల్లెళ్లు అందరూ అవే మెట్ల మీద ఉంటారు. కష్టంలో ఉన్న మనసుకు అదే పెద్ద ఓదార్పు. ఏడ్వాలనిపించినప్పుడు నేను గుణదలకే పోతాను.

ప్రయాణం మాటకొస్తే గుణదల దగ్గర. పైగా ప్రార్థనలన్నీ మన తెలుగులోనే. వేళాంగణికైతే చెన్నైలో దిగి, నాగపట్నం వైపు పోయే బండికి మారాలి. మధ్యలో పూట దొరికితే చెన్నైలోనే ఉన్న శాంథోమ్ చర్చి చూడండి. యేసు శిష్యుడైన తోమా అపొస్తలుడి సమాధిగా నమ్మే చోట 1523లో పోర్చుగీసువాళ్లు కట్టిన గుడి స్థానంలో, 1896లో లేచిన గోథిక్ చర్చి అది.

గుడి చూడాలంటే వేళాంగణే మేలు, కానీ ఆగస్టు 29న జెండా ఎక్కించిన దగ్గర్నుంచి సెప్టెంబర్ 8 దాకా వద్దు. ఆ రోజుల్లో పీఠం దగ్గర నిలబడనివ్వరు. గుణదలకు మాత్రం నేను ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్లలోనే పొమ్మంటాను. ఆ జనం లేకపోతే ఆ కొండ సగమే చూసినట్టు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఇంకేం ఆలోచించకండి. వేళాంగణిలో నేలంతా చదును. మా అవ్వకు గుణదల మెట్లు ఎక్కడం చేతకాదు కాబట్టి ఈ జనవరిలో మేం వేళాంగణికే పోతున్నాం. పింగాణీ పలకల ముందు ఆమెను కాసేపు కూర్చోబెట్టాలని ఉంది.