ఆల్ప్స్ ఆర్‌కే27 వాల్యూమ్ పాట్ వేశా, సౌండ్ మారిందా మరి?

ముందే చెప్పేస్తా, వాల్యూమ్ పాట్ (యాంప్‌లో వాల్యూమ్ నాబ్ వెనకుండే పార్ట్) మార్చినంత మాత్రాన బాస్ పెరగదు, గొంతుల్లో కొత్త తియ్యదనం రాదు. మారేది వేరే, కానీ తక్కువ సౌండ్‌లో వినే నాలాంటి వాళ్లకి అది చాలా పెద్ద విషయం.

నాది తొంభైల నాటి ఇంటిగ్రేటెడ్ యాంప్. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక సన్నగా పెడితే గొంతు మధ్యలో నిలబడకుండా ఎడమ స్పీకర్‌ వైపు జరిగిపోయేది, ఇంకాస్త తిప్పితే మధ్యకి వచ్చేది కానీ అప్పటికే సౌండ్ ఎక్కువైపోయేది, దానికితోడు తిప్పినప్పుడల్లా గరగర. కాంటాక్ట్ క్లీనర్ కొడితే గరగర పోయింది, పక్కకి జరగడం మాత్రం పోలేదు. ఎందుకంటే స్టీరియో పాట్‌లో లెఫ్ట్‌కి ఒకటి రైట్‌కి ఒకటి కార్బన్ ట్రాక్‌లు ఉంటాయి, రెండూ అచ్చంగా ఒకేలా రావు, ఆ తేడా నాబ్ మొదట్లోనే ఎక్కువ బయటపడుతుంది. పైగా ఆ కాలం యాంప్‌లు చాలావరకు 150, 200 మిల్లీవోల్టులకే ఫుల్ పవర్ ఇచ్చేలా చేసినవి, ఇప్పటి డాక్‌లేమో (డిజిటల్ పాటని యాంప్‌కి వెళ్లే సిగ్నల్‌గా మార్చేవి) 2 వోల్టులు ఇస్తాయి, దాంతో నాబ్ గడియారం ముల్లు లెక్కన తొమ్మిది గంటల స్థానం దాటదు, అంటే పాట్ ఎక్కడ వీకో సరిగ్గా అక్కడే రోజూ వింటున్నాం.

ఇక ఆర్‌కే27, జపాన్ కంపెనీ ఆల్ప్స్ చేసే ఆ నీలం డబ్బా పాట్. పాతది ఎన్ని ఓమ్సో అదే తీసుకోవాలి, నాది 50 కే (50 వేల ఓమ్స్), ‘ఏ’ టైప్, అంటే తిప్పేకొద్దీ సౌండ్ చెవికి మెల్లగా పెరిగే లాగ్ రకం. బి టైప్ లీనియర్, అది వేస్తే నాబ్ కదిపీ కదపకముందే సౌండ్ మీద పడుతుంది. సైజు 27 ఎంఎం కాబట్టి పాత 16 ఎంఎం పాట్ ఉన్న చోట బోర్డు మీద కూర్చోదు, ప్యానెల్‌కి నట్టుతో బిగించి ఆరు కాళ్లకీ చిన్న వైర్లు లాగాల్సి వచ్చింది, వైర్లు కోఠీ గుజరాతీ గల్లీలో తెచ్చుకున్నా. నాబ్ తిప్పుతుంటే తేనెలో గరిటె తిప్పినట్టుంది, ఒక్క దీనికే నాకు తెగ నచ్చేసింది.

మోనోలో (రెండు వైపులా ఒకే సిగ్నల్) 100 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో చూశా (చౌక మీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర కరెక్ట్‌గా చూపించవు, అందుకే 100). పాతదాంతో తొమ్మిది గంటల దగ్గర ఒకవైపు బాగా తక్కువ, కొత్తదాంతో రెండూ దాదాపు సమానం. గొంతు ఇప్పుడు ఎంత సన్నగా పెట్టినా కదలట్లేదు. కానీ నాబ్ సగానికి పెట్టి, వోల్టేజ్ ఒకటే చేసి వింటే పాతదానికీ కొత్తదానికీ నాకు ఏ తేడా తెలీలేదు. లెవెల్ సమానం చేయకుండా పోలిస్తే లాభం లేదు, 1 డిబి (డెసిబెల్) ఎక్కువున్నదే బాగున్నట్టు అనిపిస్తుంది.

రెండు మూడొందలకి ఆన్‌లైన్‌లో దొరికే నీలం పాట్లలో డూప్లికేట్లు ఎక్కువ, పేరున్న పార్ట్స్ డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనండి. అసలు కొనేముందు ఫ్రీగా ఒకటి చేసి చూడండి, 24 బిట్ డాక్ అయితే అందులో వాల్యూమ్ 15 డిబి తగ్గించి యాంప్ నాబ్ పైకి తెచ్చి వినండి, గొంతు మధ్యకి వచ్చేస్తే మీకు పాట్ అవసరమే లేదు. ఇక 24 మెట్ల అటెన్యుయేటర్ (సౌండ్‌ని మెట్లు మెట్లుగా మార్చే నాబ్) అంటారా, రెండు ఛానెళ్ల మ్యాచింగ్ ఇంకా బాగుంటుంది కానీ ఒక్కో మెట్టు 2 డిబి ఉంటే రాత్రిపూట నాకు కావాల్సిన సౌండ్ రెండు మెట్ల మధ్యలో పడుతుంది, అందుకే దాని జోలికి పోలేదు.