చీజ్ గ్రేటర్లలో ఏది మేలు? నాలుగు పలకల బాక్సా, విడి పలకలా

"ఒక్కటే కొంటాం, ఏది కొనమంటారు?" గ్రేటర్ మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు. నిలబెట్టి తురిమే నాలుగు పలకల బాక్స్ గ్రేటరా, పిడి ఉన్న చదును పలకా, సన్నగా పొడుగ్గా ఉండే మైక్రోప్లేన్ రకమా అన్నదే అందరి తర్జనభర్జన. ఈమధ్య మా పాత బాక్స్ గ్రేటర్ పదును పోయి, కొత్తది కొనాల్సి వచ్చింది. అప్పుడు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే చీజ్ ముక్కను మూడింటి మీదా తురిమి చూశాను.

కొనేవాళ్ళు సాధారణంగా ఎన్ని పలకలున్నాయి, పిడి బాగుందా, అడుగున రబ్బరు ఉందా అని చూస్తారు. అవి చూడాల్సినవే. కానీ వాటన్నిటికంటే ముందు పన్ను, అంటే రంధ్రం అంచున చీజ్‌ను కోసే కొస, చూడాలంటాను. గ్రేటర్‌ను వెలుతురులో పక్కకు తిప్పి, ఒక్క రంధ్రాన్ని దగ్గరగా గమనించండి. మామూలు గ్రేటర్లలో రేకును అచ్చుతో గుద్ది రంధ్రం చేస్తారు. రేకు ఎంత మందమో పన్ను అంచూ దాదాపు అంతే మందం ఉంటుంది, పైగా కాస్త ముద్దగా ఉంటుంది. రెండో రకంలో లోహాన్ని గుద్దరు. రసాయనంతో కావలసిన చోట తినిపించి అంచు తేలుస్తారు. ఆ అంచు బ్లేడులా పలుచగా వస్తుంది. గోటి కొసను మెల్లగా ఆనిస్తే పట్టుకుంటుంది. అచ్చు గుద్దిన పన్ను మీద గోరు జారిపోతుంది.

ఈ తేడా చీజ్ మీద ఎలా తెలుస్తుందంటే, మొండి అంచు చీజ్‌ను కోయదు, తోస్తుంది. మనం ఇంకాస్త గట్టిగా నొక్కుతాం. ఆ ఒత్తిడికీ రాపిడికీ చీజ్‌లోని కొవ్వు మెత్తబడి రంధ్రాల చుట్టూ పూసుకుపోతుంది, కిందపడిన తురుమేమో ఉండకడుతుంది. పదునైన అంచు మీద చెడ్డార్ రకం చీజ్ పోగుపోగుగా, ఒకదానికొకటి అంటుకోకుండా రాలుతుంది. అలా విడివిడిగా పడిన తురుమే పిజ్జా మీద సమంగా పరుచుకుంటుంది, సమంగా కరుగుతుంది. ఉండకట్టిన తురుము ఒకచోట ముద్దగా ఉండిపోయి, ఇంకోచోట మాడుతుంది. వేళ్ళ సంగతీ అంతే. పదునైనది చూసి భయపడతారు గానీ, గట్టిగా నొక్కేటప్పుడే చెయ్యి జారుతుంది, వేలి కణుపులు గీరుకుపోతాయి. పదునున్న దాని మీద నొక్కాల్సిన పనే ఉండదు. అయినా ముక్క బొటనవేలంత అయ్యాక ఆపేయడం మంచిది, మిగిలింది కత్తితో సన్నగా తరుక్కోవచ్చు.

ఈ రసాయనపు పద్ధతితో పేరు తెచ్చుకున్నది మైక్రోప్లేన్. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఉన్న గ్రేస్ మాన్యుఫాక్చరింగ్ అనే సంస్థ 1990లలో దీన్ని వడ్రంగుల కోసం, చెక్కను నునుపు చేసే ఆకురాయిగా తయారుచేసింది. దాంతో నారింజ తొక్క గీరి చూసినవాళ్ళ పుణ్యమా అని అది వంటింటి సామాను అయింది. ఇప్పుడు ఇతర కంపెనీలు కూడా ఇదే పద్ధతిలో చేస్తున్నాయి, పెద్ద రంధ్రాల పలకలూ దొరుకుతున్నాయి. కాబట్టి పేరు చూసి కాదు, పన్ను చూసి తీసుకోండి.

ఇక బాక్స్ గ్రేటర్. దీని బలం నిలకడ. బల్ల మీద నిలబెట్టి ఒక చేత్తో అదిమి పట్టుకుంటే కదలదు. తురుమంతా లోపలే పోగుపడుతుంది. ఒకేసారి ఎక్కువ చీజ్ తురిమే ఇంటికి ఇంతకంటే సుఖమైనది లేదు. నాకున్న అభ్యంతరమల్లా ఆ నాలుగు పలకల మీదే. పెద్ద రంధ్రాల వైపు రోజూ పనికొస్తుంది. చిన్న రంధ్రాల వైపు ఎప్పుడైనా వాడతాం. బిళ్ళలుగా కోసే గాడి కంటే కత్తి మేలు. ముళ్ళముళ్ళుగా ఉండే నాలుగో వైపు మాత్రం చీజ్‌కు అసలు పనికిరాదు. చీజ్ ఆ ముళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, స్పాంజ్ పెడితే స్పాంజే చిరుగుతుంది. అంటే ఒక పలక పనికోసం నాలుగు పలకలు కొని, కడిగి, అల్మరాలో చోటిస్తున్నాం. ఆ ఒక్క పలకా మొండిబారితే మొత్తం బాక్సునే మార్చాలి.

పిడి ఉన్న చదును పలకలో ఈ బెడద లేదు. రెండు వైపులా బ్రష్ ఆనుతుంది, సొరుగులో పడుకోబెట్టవచ్చు, గిన్నె అంచు మీద ఆనించి నేరుగా అందులోకే తురుముకోవచ్చు. కొసన రబ్బరు పాదాలున్నది చూసుకోవాలి, లేకపోతే పళ్ళెం మీద జారుతూ విసిగిస్తుంది. పావుకిలో దాటితే మణికట్టు నొప్పెడుతుంది, ఆ లోపం మాత్రం ఒప్పుకోవాలి.

సన్నటి పొడుగు రకం గట్టి చీజ్ కోసమే. పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజ్‌ను కనీసం 12 నెలలు మాగబెడతారు. తేమ తగ్గి గట్టిపడిన అలాంటి చీజ్‌నూ, గొర్రెపాలతో చేసే పెకొరీనోనూ దీని మీద గీరితే రంపపు పొట్టులా తేలిగ్గా రాలుతుంది, వేడి పాస్తా మీద పడీపడగానే కరిగిపోతుంది. సాస్‌లో ఉండలు కట్టకూడదంటే చీజ్ ఇంత సన్నగా ఉండాల్సిందే. ఒక జాగ్రత్త: ఈ తురుములో గాలి ఎక్కువ, అందుకే కప్పు నిండినట్టు కనిపించినా బరువు తక్కువే ఉంటుంది. వంటకంలో కప్పు లెక్క ఇస్తే తూకం వేసుకోండి. దీని మీద మొజరెల్లా మాత్రం రుద్దకండి, రంధ్రాలన్నీ పూడిపోతాయి. మొజరెల్లాకు పెద్ద రంధ్రాలే కావాలి. అదీ 15, 20 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే చక్కగా తెగుతుంది. నీళ్ళలో తేలే తాజా మొజరెల్లాకు ఏ గ్రేటరూ అక్కర్లేదు, చేత్తో తుంపుకోవడమే.

అందుకని నేను బాక్స్‌ను వదిలి రెండు విడి పలకలు తీసుకున్నాను: పదునైన పెద్ద రంధ్రాల చదును పలక ఒకటి, పొడుగు రకం ఒకటి. ఒక్కటే కొంటామంటే పెద్ద రంధ్రాల చదును పలక కొనండి. ఇంట్లో వాడేదంతా చెడ్డార్, మొజరెల్లాలే అయితే రెండోది లేకపోయినా ఏ లోటూ ఉండదు. ఇంటినిండా జనం ఉండి, వారం వారం పెద్ద ట్రే నిండా బేక్ చేసేవాళ్ళకు మాత్రం బాక్సే మేలు. అయితే అందులోనూ పెద్ద రంధ్రాల వైపు పన్ను పదునుగా ఉందో లేదో చూశాకే కొనాలి.

ఇక మిగతా రకాలు. చక్రంలా తిప్పుతూ తురిమే గ్రేటర్ భోజనాల బల్ల దగ్గర గట్టి చీజ్ చల్లుకోవడానికి బాగుంటుంది, అంతే. ఫుడ్ ప్రాసెసర్ బిళ్ళ కిలోల లెక్కన తురిమేవాళ్ళకు. ప్లాస్టిక్ పళ్ళవి వద్దు. తురిమి ప్యాకెట్లలో అమ్మే చీజ్‌లో పోగులు అంటుకోకుండా పిండి పదార్థమో, సెల్యులోజ్ పొడో కలుపుతారు. అందుకే అది ఇంట్లో తురిమినంత నున్నగా కరగదు.

ఏది కొన్నా, వాడిన వెంటనే ముందు చన్నీళ్ళ కింద పెట్టండి. వేడినీళ్ళు ముందే పోస్తే చీజ్ సాగి లోహానికి పట్టేస్తుంది. ఆ తర్వాత సబ్బునీళ్ళతో, పళ్ళకు ఎదురు కాకుండా అవి వాలిన వైపుకే బ్రష్ నడపండి. పొడుగు రకానికి తొడుగు వేసే సొరుగులో పెట్టండి, చెయ్యి పెట్టేవాళ్ళకూ మంచిది, పన్నుకూ మంచిది. ఈ పళ్ళకు ఇంట్లో సాన పట్టడం కుదరదు. చెడ్డార్ పోగులుగా కాక ముక్కలుముక్కలుగా రాలుతుంటే, ఒకసారి ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లటి ముక్కతో తురిమి చూడండి. అప్పుడూ అలాగే రాలితే ఆ గ్రేటర్ పని అయిపోయినట్టే, కొత్తది తెచ్చుకోండి.