శరత్కాలంలో కారు ప్రయాణం: బందరు తీరమా, భీమిలి–అరకా, న్యూ ఇంగ్లండా?

దసరా సెలవులు ముగిసి వానలు వెనకబట్టగానే హైదరాబాద్‌లో స్నేహితుల మధ్య ఒక కోరిక పుడుతుంది. నలుగురం ఒకే కారులో బయల్దేరాలి, ఊరూరా ఆగుతూ సముద్రం వెంట పోవాలి, ఋతువు మారిన జాడ రంగుల్లో కనిపించాలి. ఈ కోరికకు ఇంతకాలం రెండు జవాబులుండేవి. దగ్గర్లో కావాలంటే బందరు, బాపట్ల, చీరాల. కాస్త ఓపిక ఉంటే విశాఖ, భీమిలి, అరకు. ఇప్పుడు దాదాపు ప్రతి బృందంలోనూ ఒకరిద్దరు అమెరికాలో ఉంటున్నారు కనుక మూడో మాటగా అమెరికా ఈశాన్య కొసనున్న న్యూ ఇంగ్లండ్ పేరు కూడా వినిపిస్తోంది: అక్టోబరులో బోస్టన్ రండి, అక్కడి నుంచి మెయిన్ రాష్ట్రపు తీరం వెంట వెళదాం, అడవులన్నీ ఎరుపెక్కి ఉంటాయి అని.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా మొగ్గు భీమిలి–అరకు వైపే. అయితే ఒక షరతు ఉంది. సరైన వారంలో వెళ్లాలి. ఈ మూడు దారుల్లోనూ దూరం కంటే, ఖర్చు కంటే ఎక్కువ తేడా తెచ్చేది ఆ వారమే.

ముందుగా ఆకుల సంగతి తేల్చుకోవాలి. రంగుటాకుల ఫొటోలు చూసి అక్టోబరులో నల్లమలకో ఆదిలాబాద్ అడవులకో వెళితే నిరాశ తప్పదు. వానలు అప్పుడే ఆగి ఉంటాయి, అడవి అంతా ముదురు పచ్చగా ఉంటుంది. మన చెట్లు ఆకు రాల్చేది చలికి భయపడి కాదు, నీటి ఎద్దడికి తట్టుకోవడానికి. అందుకే టేకు అడవి బోసిపోయేది జనవరి దాటాక. ఆ తరువాత మోదుగలు పూస్తాయి, ఇప్ప చెట్లు రాగి రంగు చిగురు వేస్తాయి. మన అడవిలో ఎరుపు చూడాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో బయల్దేరాలి. శరత్తులో మనకు దక్కే రంగులు వేరు. కృష్ణ, గోదావరి లంకల్లో, కాలువ గట్ల మీద తెల్లగా ఊగే రెల్లు పూలు, కోతకు వస్తున్న వరి, ఇంకా కొండల మీద పసుపుగా పూసే వలిసె చేలు.

న్యూ ఇంగ్లండ్‌లో మాత్రం చెట్టు చలికి సిద్ధపడుతుంది. పగటి వేళ తగ్గుతూ, రాత్రులు చల్లబడుతున్నప్పుడు ఆకులో పత్రహరితం తగ్గిపోతుంది. అంతవరకు దాని చాటున ఉన్న పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు పుట్టేది. ఆకులో మిగిలిన చక్కెరల నుంచి ఆంథోసయనిన్ అనే వర్ణకం తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి వరుసగా కొన్ని రోజులుంటే షుగర్ మేపుల్ చెట్లు నిప్పు రంగుకు తిరుగుతాయి. అలాంటి రంగు మన దగ్గర ఏ నెలలోనూ లేదు. ఆ ఒక్క విషయంలో మిగతా రెండు దారులు న్యూ ఇంగ్లండ్‌తో పోటీ పడలేవు.

బోస్టన్ నుంచి పోర్ట్స్‌మత్, పోర్ట్‌లాండ్, క్యామ్‌డెన్ మీదుగా బార్ హార్బర్‌కు సుమారు 450 కిలోమీటర్లు. తీరం పొడవునా చిన్న ఊళ్లు, చేపల పడవలు, దీపస్తంభాలు. పోర్ట్‌లాండ్ దగ్గరి దీపస్తంభం 1791 నుంచి వెలుగుతోంది. చివర్లో అకేడియా జాతీయ వనం. అక్కడి రంగుల వెనక ఒక విషాదం ఉంది. 1947 అక్టోబరులో వచ్చిన కార్చిచ్చు ఆ వనంలో పది వేల ఎకరాలకు పైగా కాల్చేసింది. అంతకుముందు అక్కడ ఏడాది పొడవునా పచ్చగా ఉండే స్ప్రూస్, ఫర్ చెట్లు ఎక్కువ. కాలిన నేల మీద బర్చ్, ఆస్పెన్ లాంటి ఆకురాల్చే చెట్లు మొలిచాయి. ఈనాడు జనం ఎగబడి చూసే పసుపు వనాల్లో చాలా భాగం ఆ మంటల తరువాత వచ్చినవే. సముద్రం వేడిని పట్టి ఉంచుతుంది కనుక తీరంలో ఆకులు ఆలస్యంగా రంగు మారతాయి. ఉత్తర వెర్మాంట్ కొండల్లో సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో రంగు పండితే, మెయిన్ తీరానికి అక్టోబరు మధ్య దాటాలి. న్యూ హ్యాంప్‌షైర్‌లోని కాంకమాగస్ హైవే సుమారు 55 కిలోమీటర్ల కొండదారి. అది ఈ రెంటికీ మధ్యన రంగెక్కుతుంది. అంటే ఒకే వారంలో కొండనూ తీరాన్నీ రెండింటినీ ఉచ్చస్థితిలో చూడటం కష్టం. అక్టోబరు రెండో సోమవారం అక్కడ సెలవు. ఆ వారాంతంలో గది దొరకడమే గగనం.

ఇంత అందం ఉన్నా హైదరాబాద్ నుంచి నలుగురు స్నేహితులు ఒక్కసారిగా వెళ్లడానికి దాన్ని నేను సిఫారసు చేయను. ఖర్చు ఒక్కటే కారణం కాదు. నలుగురికీ వీసా ఉండాలి, నలుగురి సెలవూ ఆ వారానికే కుదరాలి, వానో గాలో వచ్చి ఆకులు ముందే రాలిపోతే వారం వాయిదా వేసే వీలు ఉండదు. బోస్టన్‌కు ఎక్కడో ఒకచోట విమానం మారి వెళ్లాలి, అటు ఒక రోజు, ఇటు ఒక రోజు దారికే పోతుంది. గడియారం తొమ్మిదిన్నర గంటలు వెనక్కి తిరుగుతుంది కనుక మొదటి రెండు రోజులు కుడివైపు నడిచే రోడ్ల మీద నిద్రకళ్లతో కారు నడపడం నాకు భయమే. పిల్లల దగ్గరికో తోబుట్టువుల దగ్గరికో ఎలాగూ వెళుతున్నవారు ఆ ప్రయాణాన్ని అక్టోబరుకు జరుపుకుంటే అప్పుడు ఆ దారి బంగారం. కేవలం ఆకుల కోసం నలుగురినీ కూడగట్టడం మాత్రం ఏడాది ముందు నుంచి మొదలుపెట్టాల్సిన పని.

ఇక బందరు దారి. నాలుగు రోజుల సెలవు మాత్రమే ఉన్నవారికి దీన్ని మించినది లేదు. దీనికి దక్కాల్సిన పేరు దక్కలేదని నా బాధ. పుణెలో మొదలై మన ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి తిన్నగా బందరులోనే ఆగుతుంది. మన ఊరి నుంచి సుమారు 340 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఎల్బీ నగర్ దాటి, పంతంగి టోల్‌గేటు రద్దీకి ముందే వెళ్లిపోతే సూర్యాపేటలో టిఫిను, మధ్యాహ్నానికి బందరు. ఇది హైదరాబాద్‌కు కొత్త చుట్టరికం కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల సరుకు ఓడలెక్కింది ఈ రేవులోనే. ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ వర్తకశాల పెట్టారు, డచ్చివారు అంతకు ముందే వచ్చారు. ఆ ఓడల్లో పర్షియాకూ ఐరోపాకూ వెళ్లినవాటిలో పేరుమోసింది అద్దకపు బట్ట.

ఈ దారిలో రంగు ఆకుల మీద కాదు, బట్ట మీద ఉంటుంది. బందరు పక్కనే పెడనలో కలంకారీ అద్దకం ఇప్పటికీ జరుగుతోంది. కరక్కాయ నీటిలో నానిన బట్ట మీద చెక్క అచ్చులతో అద్దుతారు. పాత ఇనుప ముక్కలను బెల్లం నీటిలో పులియబెట్టి నలుపు తీస్తారు, ఎరుపుకు పటిక కలిపిన అద్దకం వేసి రంగు నీటిలో ఉడకబెడతారు, మధ్యలో పారే నీటిలో జాడించి ఆరబెడతారు. వానలు ఆగి ఎండ కాస్తేనే ఈ పని ఊపందుకుంటుంది. అందుకే శరత్తు తరువాతే పెడన చూడాలి. ఒక పూట అక్కడ కూర్చుని చూడండి, పని చేసేవారు అనుమతిస్తే అచ్చు పట్టుకుని మీరూ ఒక మూల అద్దండి. బందరు లడ్డు, హల్వా ఎలాగూ కొంటారు, వాటి గురించి నేను చెప్పనక్కరలేదు.

బందరు నుంచి 216వ నంబరు రహదారి మీద కృష్ణను పులిగడ్డ–పెనుమూడి వంతెన దగ్గర దాటి రేపల్లె మీదుగా బాపట్ల చేరవచ్చు. ఈ శరత్కాల ప్రయాణంలో నాకు ఎంతో ఇష్టమైన ముక్క ఈ వంతెనే. వరద తగ్గిన నది రెండు వైపులా లంకల నిండా రెల్లు పూలతో కనిపిస్తుంది. బాపట్ల దగ్గర సూర్యలంక, చీరాల దగ్గర వాడరేవు. కార్తీకంలో, ముఖ్యంగా పౌర్ణమి నాడు సముద్రస్నానాలకు వేలమంది వస్తారు. ఆ సందడి ఇష్టమైతే ఆ రోజే వెళ్లండి, ఏకాంతం కావాలంటే ఆ వారం తప్పించండి. చీరాలకు కొద్ది దూరంలో మోటుపల్లి ఉంది. ఈనాడు చిన్న పల్లె, ఆనాడు కాకతీయుల రేవు. తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరుకును రాజ్యం లాగేసుకోవడం ఆ రోజుల్లో ఆనవాయితీ. గణపతిదేవుడు అది చేయనని, సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు అభయమిస్తూ 1244లో శాసనం వేయించాడు. ఆ ఊళ్లో నిలబడి ఆ మాట తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. తిరుగు ప్రయాణం అద్దంకి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లికి. వెళ్లిన దారి మళ్లీ చూడనక్కరలేదు.

ఈ దారికి లోటు ఒకటే. ఎత్తు లేదు, చలి లేదు. నవంబరులోనూ మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. ఋతువు మారిందని ఒళ్లు చెప్పదు.

భీమిలి–అరకు దారిలో ఆ లోటు తీరుతుంది. హైదరాబాద్ నుంచి విశాఖకు 620 కిలోమీటర్ల పైమాటే. ఒకే రోజులో నడిపేస్తామని కొందరు పంతం పడతారు. వద్దు. రాజమహేంద్రవరంలో ఒక రాత్రి ఆగితే ఉదయం గోదావరి దక్కుతుంది, మరునాడు కాకినాడ మీదుగా ఉప్పాడ తీరం పట్టుకోవచ్చు. ఉప్పాడలో జాందానీ చీరలు నేస్తారు. సముద్రం ఏటేటా ఊరిని కోసుకుపోతోంది, రోడ్డు మీద అలల దెబ్బలు కళ్లకు కనిపిస్తాయి. తుఫాను హెచ్చరిక ఉంటే ఆ రోడ్డు జోలికి పోకండి, తుని వైపు పెద్ద రహదారే మేలు. ఇంత దూరం నడిపే ఓపిక ఎవరికీ లేకపోతే వందేభారత్ రైలులో విశాఖ చేరి, అక్కడ కారు అద్దెకు తీసుకోవచ్చు. అసలు ప్రయాణం మొదలయ్యేది విశాఖ తరువాతే కనుక పెద్దగా పోగొట్టుకునేది లేదు.

విశాఖ నుంచి భీమిలికి తీరం వెంట ముప్పై కిలోమీటర్ల లోపు రోడ్డు. ఒక పక్క బౌద్ధ విహారాల శిథిలాలున్న తొట్లకొండ, ఇంకాస్త ముందుకు ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా సముద్ర మట్టం పెరుగుతూ తరుగుతూ, గాలి ఇసుకను పోగుచేస్తూ ఏర్పడిన ఈ ఎర్రటి దిబ్బలను వాన నీరు లోయలుగా కోసింది. సాయంత్రపు వెలుగులో చూడండి. ఎరుపు కోసం అమెరికా వెళ్లాలనుకున్నవారికి నేను మొదట చూపించేది ఇదే. భీమిలి పాత డచ్చి స్థావరం. వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది.

ఆ గోస్తనీయే నా మొగ్గుకు అసలు కారణం. ఆ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి జలాశయంలో ఆగి విశాఖకు తాగునీరై, మిగిలింది భీమిలి దగ్గర కడలి చేరుతుంది. భీమిలిలో నది నోటి దగ్గర మొదలుపెట్టి, శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కి, మరునాడు బొర్రా గుహల్లో అదే నీటి చప్పుడు వినవచ్చు. మన రోడ్ల మీద తీరాన్నీ కొండనూ ఇంత దగ్గరగా ముడివేసిన దారి నాకు మరొకటి తెలియదు. రెండు గంటల్లో ఒళ్లంతా చెమట పట్టించే గాలి నుంచి చలికోటు తీసే గాలికి వస్తారు. దారి పొడవునా సిల్వర్ ఓక్ నీడలో కాఫీ తోటలు, చెట్లకు పాకిన మిరియపు తీగలు. నవంబరు, డిసెంబరుల్లో కాఫీ పండు ఎర్రబడుతుంది. అదే సమయంలో అరకు లోయ వలిసె పూలతో పసుపు పరుచుకుంటుంది. వలిసెలు నూనె గింజల పంట, అందం కోసం వేసింది కాదు. పూత కొద్ది వారాలే. చేలో దిగి ఫొటోలు దిగేవారి కాళ్ల కింద మొక్కలు నలిగి రైతులు నష్టపోతుంటారు. గట్టు మీదే నిలబడండి. లోపలికి వెళ్లాలంటే రైతును అడిగి, అడిగినంత ఇచ్చి వెళ్లండి.

ఇప్పుడు వారం విషయం. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది పోయారు. మనం బందరు నుంచి పెనుమూడి వంతెనకు వెళ్లే దారి ఆ నేల మీదుగానే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. కాబట్టి ఏ వారమూ పూర్తి హామీ కాదు. గదులు రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోవాలి, వాతావరణ శాఖ బులెటిన్ రోజూ చూడాలి. నాలుగు రోజులే ఉంటే, దసరా రద్దీ తగ్గాక బందరు–చీరాల. ఆరేడు రోజులుంటే నవంబరు చివరి వారం నుంచి డిసెంబరు రెండో వారం మధ్య భీమిలి–అరకు. అప్పటికి తుఫానుల జోరు సాధారణంగా తగ్గుతుంది, వలిసెలు పూతలో ఉంటాయి, చలి మొదలవుతుంది.

రాత్రిపూట ఘాట్ మీద మంచు కమ్ముతుంది కనుక కొండ ఎక్కడం, దిగడం వెలుతురులోనే ముగియాలి. కొండ మలుపులకు అలవాటైన ఇద్దరైనా బృందంలో లేకపోతే విశాఖలో స్థానిక డ్రైవరును పెట్టుకోండి. శని, ఆదివారాల్లో అరకులో గదుల ధరలూ రోడ్డు రద్దీ రెండూ పెరుగుతాయి. అందుకే వారాంతం విశాఖ, భీమిలిలకు ఇచ్చి, సోమవారం ఉదయం కొండెక్కి, బుధవారం మధ్యాహ్నం భోజనం చేసి దిగేలా గదులు మాట్లాడుకోండి.